బావ బండి ఆగే చోట్లు

మా బావ పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళలో సగంమంది ఆయన గురించి రెండు ముక్కలు మాట్లాడి, ఆ తర్వాత బండి గురించి అడిగారు. "అయితే ఇగ ఆ బండిని ఏం జేస్తరు?" అని. కాశిబుగ్గలో అక్కావాళ్ళ వాకిట్లో, ఆ పూటకు మగ్గాలు ఆపుకుని వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు కూడా, గోడవారన నిలబెట్టిన ఆ బండి వంక చూసి తలలాడించారు. మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు, శవపెట్టె కూడా రాలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో వాళ్ళ తప్పేమీ లేదనిపిస్తుంది. బండి లేకుండా బావను ఎవరూ చూడలేదు. ఆ బండి ఆగకుండా నడవడమూ ఎవరూ చూడలేదు.

అది టూస్ట్రోకు మోటారుసైకిలు. డెబ్బైల మొదట్లో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. షోకుకు పనికొచ్చేది కాదు గానీ పొలం గట్ల మీద పోయేది, ఇసుక వాగులో దిగేది, ఎడ్లబండ్లు తప్ప మరేవీ పోని బాటల్లో పడి తొర్రూరు అవతలి ఊళ్ళదాకా వెళ్ళొచ్చేది. సీటు చిరిగిపోతే పక్కింటి మగ్గం మీద మిగిలిన జంఖానా ముక్క అడిగి తెచ్చి, అక్క చేత కుట్టించి తొడిగాడు. ఎరుపూ నలుపూ చారలు.

"గుర్రం మీద జీను ఏసినట్టున్నది బావా" అని నేను వెక్కిరిస్తే, "గుర్రమే. జర మొండిది" అనేవాడు.

ఆయనది కుష్ఠు నివారణ ఆఫీసులో ఫీల్డు పని. ఊళ్ళు తిరిగి, ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలున్నవాళ్ళను కనిపెట్టి, నెలనెలా మందిచ్చి రావడం. ఊళ్ళలో ఆ రోగం పేరు పలకరు, పెద్దరోగం అంటారు. బావ కూడా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాడు కాదు. ఏ ఊరికి పోయాడో చెప్పేవాడు గానీ ఎవరి దగ్గరికి పోయాడో చచ్చినా చెప్పేవాడు కాదు. అక్క ఎన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగినా "ఎవరో మన అసొంటోళ్ళే" అనే మాటొక్కటే వచ్చేది.

ఆయనకు ఒక చిత్రమైన అలవాటు ఉండేది. ఎవరు కలిసినా కుడిచేత్తో చెయ్యి అందుకుని, మంచిగున్నవా అని అడుగుతూనే ఎడమచేత్తో వాళ్ళ మోచెయ్యి వెనకభాగం తడిమేవాడు. అక్కడ ఒక నరం ఉంటుంది. ఆ రోగం మొదలైతే అది తాడులాగా లావెక్కుతుంది. బావకు అది పనిలోంచి అలవాటై, అలవాటులోంచి పలకరింపు అయిపోయింది. మా చర్చి పాస్టరుగారి నరం చూశాడు, నా పెళ్ళిలో నా మామగారి నరం చూశాడు. మా పిల్లలు కితకితలని కిలకిలలాడేవాళ్ళు. అక్క మాత్రం నెత్తి కొట్టుకునేది. "ఎవలన్న ఏమన్న అనుకుంటరు, చేతులు జర దగ్గర పెట్టుకో" అనేది. తెలియనివాళ్ళు దాన్ని ప్రేమ అనుకునేవాళ్ళు. తెలిసిన నేను కూడా అలాగే అనుకుంటాను.

రెండో అలవాటు, అడగడం. బండి ఉంచుకోవాలా, అమ్మేసి ఇంకోటి కొనాలా అని ఆయన అడగని మనిషి లేడు. చౌరస్తా హోటల్లో చాయ్ తాగుతూ అడిగేవాడు. గడ్డం గీసే అతన్ని అడిగేవాడు. ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే అక్కడ నిలబడి అడిగేవాడు. "ఉంచమంటవా, అమ్మమంటవా?" అడిగి ఊరుకోవడం కాదు, మొన్న ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో, ప్లగ్గు ఎన్నిసార్లు విప్పి తుడిచాడో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. సలహా ఇవ్వమంటే మన జనానికి అంతకన్నా పండగేముంది? అమ్మమని కొందరు, ఇంజను విప్పించమని కొందరు, తుక్కు కింద పడెయ్యమని ఇంకొందరు. అందరి మాటా శ్రద్ధగా వినేవాడు. "మంచిగ జెప్పినవు" అనేవాడు. తర్వాతి నెల అదే మనిషిని మళ్ళీ అదే ప్రశ్న అడిగేవాడు.

తొర్రూరు దారిలో ఊళ్ళన్నిటికీ బావ బండి ఒక నవ్వులాట. ఒక ఊళ్ళో సర్పంచు గడప ముందు ఆగింది. ఇంకో ఊళ్ళో బడి ముందు, మరో ఊళ్ళో కల్లు దుకాణం ముందు ఆగింది. పత్తి బండ్ల వెనక ఆగి, సంతలో ఆగి, ఒకసారి పెళ్ళి ఊరేగింపుకు అడ్డంగా ఆగి తిట్లు తిన్నది. ఆగిన ప్రతిచోటా ఆయన దిగి, చొక్కా జేబులోంచి గుడ్డపీలిక తీసి, ప్లగ్గు విప్పి తీరిగ్గా తుడిచేవాడు. ఆ పీలిక వల్ల ఆయన చొక్కాలన్నిటికీ జేబులు నల్లగా ఉండేవి. ఎంత ఉతికినా పోయేది కాదని అక్క నాతో చెప్పుకునేది. ఆయనను పెట్టెలో పెట్టిన రోజున తొడిగిన తెల్లచొక్కాకు కూడా ఆ మరక ఉంది. కొత్తది తొడుగుదామంటే అక్క వద్దంది.

ఇప్పుడు మా అమ్మ పోయిన రోజు గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నేను రఘునాథపల్లిలో మాస్టరుని. బళ్ళో సైన్సు చెప్పేవాడిని. అమ్మ నా దగ్గరే ఉండేది. ఒక వానాకాలం ఆమెకు ఊపిరి అందడం కష్టమైంది. డాక్టరు వచ్చి చూసి, రావలసినవాళ్ళను పిలిపించుకోండి అన్నాడు. వరంగల్ పోతున్న లారీలో మా ఊరాయన ఎక్కుతుంటే అక్కకు కబురు చెప్పి పంపాను. పొద్దున్నే కబురు అందింది. బావ బండి బయటికి తీశాడు.

"ఎక్కు, పోదాం" అన్నాడట.

అక్క ఎక్కలేదు. "నీ బండి నడిమిట్ల ఆగుతది. అవ్వ పానం మీదున్నది. నేను బస్సుకు పోత" అంది. వాకిట్లో గుమిగూడిన వాళ్ళందరూ ఆమె మాటే అన్నారు. "వద్దక్కా, గా బండిని నమ్మొద్దు" అని ఒకరు, "గీ వానల ఏడనో ఆపుతడు" అని ఇంకొకరు. బావ మళ్ళీ ఒకసారి, "ఇయ్యాల ఆగది, నా మాట ఇను" అన్నాడు. అక్క అప్పటికే గొడుగు తెరిచింది. ఆయన బండిని గోడకు ఆనించి ఆమె వెంట బస్సెక్కాడు.

దారిలో వాగు పొంగి రోడ్డెక్కింది. బస్సులూ లారీలూ బారులు తీరి నిలబడిపోయాయి. సైకిళ్ళవాళ్ళూ మోటారుసైకిళ్ళవాళ్ళూ మాత్రం పక్కకు తిరిగి రైలు కట్ట వెంట బాట పట్టి దాటిపోతున్నారు. అక్కా బావా కిటికీలోంచి అది చూస్తూ కూర్చున్నారు. ఇక్కడ అమ్మ తలుపు వంక చూస్తూ, "పెద్దది రాలేదారా?" అని అడుగుతూ ఉంది. మధ్యాహ్నం దాటాక అడగడం మానేసింది. వాళ్ళు దీపాలవేళకు వచ్చారు. అక్క గుమ్మంలోనే కూలబడింది. బావ ఆమె వెనక నిలబడి, తడిసిన తలతో, నా వంక చూడలేక నేల వంక చూశాడు.

అక్క ఆయనతో ఆ రోజే ఒక మాట అనేసింది. "ఆ బండి ఉన్నన్ని రోజులు నేను దాని మీద ఎక్క. సావనన్న సస్త గని ఎక్క." నాకూ కోపమే. ఒక పనికిరాని బండిని పట్టుకుని వేలాడినందుకు నా తల్లి కూతుర్ని చూడకుండా పోయింది అనుకున్నాను. అందరినీ సలహాలు అడిగే పెద్దమనిషి ఒక్క సలహా అన్నా విని ఉంటే ఈ గతి పట్టేదా అని చాలామందితో అన్నాను కూడా.

ఆ రోజుల్లోనే కొత్తరకం బండ్లు వచ్చాయి. జపానువాళ్ళ ఇంజను, తక్కువ పెట్రోలు, ఆగడమనే మాటే లేదు. నేను ఒకటి కొన్నాను. బావ ఆఫీసువాళ్ళు కూడా ఫీల్డువాళ్ళకు కొత్త బండ్ల కోసం అప్పు ఇస్తామన్నారు. కావాలన్నవాళ్ళు ఆ నెలాఖరులోగా చెప్పాలి. బావ క్రిస్మస్‌కు కొత్త బండి మీద చర్చికి తీసుకుపోతానని అక్కకు మాటిచ్చాడు. ఇచ్చాడే గానీ ఆఫీసులో చెప్పడం లేదు. అక్క నన్ను పిలిపించింది. "తమ్మీ, నువ్వన్న జెప్పు. నువ్వు ఎంట పొయ్యి, గా బండి యాడ ఖరాబున్నదో చూసి, ఆయన చెవుల పడేటట్టు జెప్పు" అంది. సరే, ఈసారి వదిలేది లేదని నేను ఆయన వెనక జంఖానా మీద ఎక్కి కూర్చున్నాను.

నాకు బండ్ల సంగతి కొంచెం తెలుసు. రాయపర్తి దాటేదాకా ఇంజను చప్పుడు వింటూనే ఉన్నాను. ఎక్కడా తడబాటు లేదు. ఒక బడి ముందు ఆగింది. ఆయన దిగి ప్లగ్గు తుడిచాడు, పిల్లలు నవ్వారు, ఒక ముసలాయన కర్ర ఊపుకుంటూ వచ్చి బండిని నాలుగు తిట్లు తిట్టి పోయాడు. పోతూ పోతూ ఆ ముసలాయన బండికి తగిలించిన బావ సంచీ దగ్గర వంగడం చూశాను గానీ ఏమీ అనుకోలేదు. మళ్ళీ బయలుదేరాం. కొంతదూరం పోయాక ఒక ఊరి మొదట్లో ఇళ్ళు కనిపించాయి. అప్పుడు చూశాను. బావ ఎడమచెయ్యి హాండిలు వదిలి, మెల్లగా ట్యాంకు కిందికి పోయి, పెట్రోలు ట్యాపు కట్టేసింది.

ట్యాపు కట్టేసినా కార్బురేటరులో మిగిలిన నాలుగు చుక్కలతో బండి కొంతదూరం పోతుంది. ఎంతదూరం పోతుందో ఆయనకు బాగా తెలుసు. రోడ్డు కింద నీళ్ళు పోయే ఒక చిన్న మోరీ, దాని పక్కనే ఒక పెంకుటిల్లు. బండి దగ్గి, వణికి, సరిగ్గా ఆ మోరీ గోడ పక్కన ఆగింది.

ఆయన ప్లగ్గు విప్పాడు. నేను వంగి చూశాను. కాలిన ఇటుక రంగులో, పొడిగా, పుస్తకంలో బొమ్మలాగా ఉంది. అంత ఆరోగ్యంగా ఉన్న ప్లగ్గు నా కొత్త బండికి కూడా లేదు. నేను నోరు తెరవబోయేసరికి ఆయన కళ్ళతోనే ఆగమన్నాడు. గుడ్డపీలికా, పానా మోరీ గోడ మీద పెట్టాడు. వాటి పక్కన ఒక అగ్గిపెట్టె.

పెంకుటింటి అరుగు మీద ఒక ముసలమ్మ చింతకాయ కొడుతోంది. మమ్మల్ని చూసి నవ్వింది. "మల్ల ఆగిందా సారూ? నీ బండి మా ఇంటికి అల్లుడైంది పో" అని, లోపలికి తిరిగి కేకేసింది. "ఏ పిల్లా! సారుకు జరన్ని నీళ్ళు పొయ్యిపో. ఎండల ఆగమైతాండు. దూరం నిలబడి పొయ్యాలె, చెంబు అంటియ్యకు."

ఎండలో ఆగాడని జాలీ, పెద్దరోగపువాళ్ళను ముట్టుకునే చేతులని భయమూ, రెండూ ఆ ఒక్క నోటితోనే వచ్చాయి. బావ అది విననట్టే ఉన్నాడు.

కోడలు చెంబు పట్టుకుని వచ్చింది. పద్దెనిమిదో ఇరవయ్యో ఉంటాయి. కొంగు మోచేతులదాకా కప్పుకుంది. బావ వంగి దోసిలి పట్టాడు. ఆమె పైనుంచి పోసింది, ఆయన తాగాడు. ఆమె చెంబును మోరీ గోడ మీద దించింది. మళ్ళీ ఎత్తేటప్పుడు అగ్గిపెట్టె అక్కడ లేదు. ఇంటివైపు వీపు పెట్టి నిలబడి, తనకూ దాహమైనట్టు మిగిలిన నీళ్ళు ఎత్తుకుని తాగింది. బావ చేతులు తుడుచుకుంటూ ఆమె గొంతు వంక చూశాడు. గుటక దిగింది. దిగేదాకా ఆయన రెప్ప వెయ్యలేదు. తర్వాత ప్లగ్గు బిగించి, ట్యాపు తిప్పి, ఒక్క కిక్కు కొట్టాడు. బండి గుర్రంలాగా లేచింది.

"చూసినవా!" అంది ముసలమ్మ అరుగు మీదినుంచి. "మా కోడలు నీళ్ళు పోస్తే గని నడవదు ఆయన బండి. దాని చెయ్యి మంచిది."

ఆ అమ్మాయి తల వంచుకుని ఇంట్లోకి పోయింది.

ఊరు దాటి పత్తిచేల మధ్యకు వచ్చాక, ఆపమన్నాను. ఆయన ఈసారి ట్యాపు కట్టకుండా మామూలుగానే ఆపాడు.

"బావా, బండికి ఏ రోగం లేదు గదా?"

"లేదు."

"నల్లా నువ్వే బంద్ జేసినవు. నేను చూసిన."

"సైన్సు సారువు. దొరుకుత అని తెలిసే ఇన్నేండ్లు నిన్ను ఎంట తేలే" అని నవ్వబోయాడు. నా మొహం చూసి మానేశాడు. చేను గట్టు మీద కూర్చున్నాడు.

"గీ బండి ఏ ఇంటి ముందల ఆగితే ఆ ఇంట్ల పెద్దరోగమున్నదంటరు. తెల్లారేటాళ్ళకు బాయి కాడికి రానియ్యరు. మొదట్ల నాకు తెల్వక ఒకాయన ఇంటి ముందల ఆపిన. మల్ల నెల పోతే ఇంటికి తాళం. పిల్లగాండ్లను ఏసుకొని యాడికి పోయిన్రో, మందు లేక ఏమైన్రో, గిప్పటిదాక తెల్వదు. అప్పటిసంది అందరి ఇండ్ల ముందల ఆపుడు పెట్టిన. సర్పంచు ఇంటి ముందల, బడి ముందల, యాడవడితే ఆడ. ఇప్పుడు ఆగిందంటే బండిని తిడ్తరు గని ఇంటిని తిట్టరు."

"మరి అందరిని ఉంచమంటవా, అమ్మమంటవా అని అడుగుడు?"

"గా మాట ఊళ్ళెకు పోవాలె గద. బండి ఖరాబున్నదని నేను చెప్తే ఎంతమంది నమ్ముతరు? పదిమంది చెప్పుకోవాలె."

నాకు ఒక్కసారిగా అమ్మ గుర్తొచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగాను. "అవ్వ పోయిననాడు?"

ఆయన చేతిలో పానా తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆనాడు గూడ మంచిగనే ఉండె" అన్నాడు.

నాకు ఆయనను కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది. "చెప్పకపోతివి బావా? అక్కకన్న చెప్పకపోతివి?"

"వాకిట్ల అందరున్నరు. బండి మంచిదే, నేనే ఆపుతున్న అంటే, ఎందుకాపుతున్నవు, ఎవల కోసమాపుతున్నవు అని అడుగరా? మన వాడకట్టోళ్ళ చుట్టాలు తొర్రూరు దిక్కు ఎంతమంది లేరు? ఇంట్లకు తోల్కపొయ్యి చెప్తామనుకునేటాళ్ళకు మీ అక్క బస్సు దిక్కు ఉరికింది. బస్సుల కూసున్నంక చెప్పేటందుకు శానా టైము దొరికింది. అప్పుడు చెప్తే ఏమైతది? ఎక్కితే అవ్వను చూస్తుంటి గద అనుకొని ఇంకింత ఏడ్సేది. ఇప్పుడు చెప్పినా గంతే."

గాలికి పత్తి ఆకులు కదులుతున్నాయి. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. "గా పిల్లకు ఇంక కొన్ని నెల్ల మందున్నది. ఎన్కట లెక్క గోలీలు చేతిల పెట్టి వచ్చేది కాదు, గీ కొత్త మందు నా కండ్ల ముందల్నే మింగాలె. అయిపోతే మచ్చ పోతది, రోగం పోతది, ఎవ్వలికి తెల్వదు. ఇప్పుడే తెలిస్తే పుట్టింటికి తోలుతరు. కొత్త బండి తెస్తే ఏం జెప్పి ఆపాలె? నీ బండి ఎన్నిసార్లు ఆగింది?"

"ఒక్కసారి గూడ ఆగలే."

"మరి! మీ అక్కకు క్రిస్మస్ అని మాటిచ్చిన. దాని మొకం చూస్తే పానం ఉసూరంటది." మెల్లగా అడిగాడు. "బామ్మర్దీ, నిజంగ అడుగుతున్న. ఉంచమంటవా, అమ్మమంటవా?"

ఊరందరినీ అబద్ధానికి అడిగిన ప్రశ్న నన్ను ఒక్కణ్ణి నిజంగా అడిగాడు. ఉంచమంటే అక్కకు అన్యాయం. అమ్మమంటే ఆ పిల్ల కొంపకు అన్యాయం. లేచి బండెక్కాను. వరంగల్ చేరేదాకా బండి ఎక్కడా ఆగలేదు.

నెలాఖరు దాటిపోయింది. ఆయన ఆఫీసులో అప్పు వద్దన్నాడు. క్రిస్మస్ రోజు అక్క కొత్త చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చి, గోడవారన అదే బండిని చూసి, చర్చికి నడవడం మొదలుపెట్టింది. బావ బండిని ముట్టలేదు. ఆమె వెనకాలే నడిచాడు. అప్పటినుంచి ఇద్దరూ కలిసి ఎక్కడికి పోయినా నడకే, కాకపోతే రిక్షా. ఆయనను అక్క ఆ తర్వాత తిట్టడం కూడా మానేసింది. అదే నాకు ఎక్కువ బాధనిపించేది. తిట్లు తినే అలవాటున్న మనిషికి ఇంట్లో నిశ్శబ్దం కష్టం.

తర్వాతి వానాకాలం మొదట్లో ఒకరోజు నా బడికి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని, నరం తడిమి, "గా మోరీ కాడ పిల్లకు అయిపోయింది. పూర మంచిగైంది" అన్నాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "అయితే ఇగ కొత్తది కొను" అన్నాను. ఆయన ఇంకో ఊరి పేరు చెప్పాడు. అక్కడ ఇంకెవరో దొరికారు. మోరీ దగ్గర కూడా అప్పుడప్పుడు ఆపుతూనే ఉన్నానన్నాడు. ఇన్నాళ్ళు ఆగిన బండి ఆ పిల్ల మందు అయిపోగానే ఆగడం మానేస్తే ఎవరికైనా అనుమానం రాదా అన్నాడు. ముసలమ్మ నీళ్ళు పంపిస్తూనే ఉందట.

అలాగే ఆయన చివరిదాకా పాత బండి మీదే తిరిగాడు. ఎనభైలు ముగిసేలోగా, పెన్షను కూడా రాకముందే, గుండెనొప్పితో పోయాడు. దవాఖానకు కూడా రిక్షాలోనే తీసుకుపోయారు.

సమాధుల తోటకు మా చర్చివాళ్ళు, ఆఫీసువాళ్ళు వచ్చారు. ప్రహరీగోడ దగ్గర, మా అందరికీ దూరంగా, ఇంకొంతమంది నిలబడ్డారు. ఎక్కడినుంచి వచ్చారని అడిగితే, "గిట్ల పోతాంటే చూసి ఆగినం" అన్నారు. వాళ్ళలో ఆ ముసలమ్మ ఉంది. ఆమె ఒక్కతే ధైర్యంగా ముందుకొచ్చి అక్క చేతులు పట్టుకుంది. "సారు బండి మా ఇంటి ముందల్నే ఆగేది బిడ్డా. మా కోడలు నీళ్ళు పోస్తే గని నడవకపొయ్యేది" అంది. వెనక కోడలు నిలబడి ఉంది, చంకలో పిల్లవాడు. నా వంక ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. జాకెట్టు చేతులు పొట్టివి. కొంగు మోచేతులమీద కప్పుకోలేదు.

"అందరి ఇండ్ల ముందల ఆగింది అమ్మా, గా బండి" అంది అక్క.

అక్క ఉన్నన్నాళ్ళు నేను ఇదంతా రాయలేదు. ఆమె కూడా పోయింది. ఇక మిగిలిన ఒక్క ముక్కా చెప్పేస్తాను.

బావ పోయిన కొన్నాళ్ళకు పాత ఇనుప సామాన్లు కొనే అతను వాకిట్లోకి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, టైర్లు కాలితో తన్ని చూసి, "నడిస్తే ఒక రేటు, నడవకుంటే తుక్కు రేటు. ఒక కిక్కు కొట్టు సార్, చూద్దాం" అన్నాడు. అక్క గడపలో నిలబడింది. "అది నడువదు. నాకు తెల్వదా?" అంది. అన్నదే గానీ కొంగు చివర వేలికి గట్టిగా చుట్టుకుంటోంది. కళ్ళు బండి మీదే ఉన్నాయి.

నేను ముందుకు వెళ్ళాను. బావ చేతులు పడ్డ బండి, ఎన్నాళ్ళు నిలబడ్డా ట్యాపు తిప్పితే రెండో కిక్కుకు లేస్తుందని నాకు తెలుసు. వంగి ఎడమచెయ్యి ట్యాంకు కిందికి పెట్టాను. ట్యాపు కట్టేసి ఉంది. కార్బురేటరులో పెట్రోలు ఎప్పుడో ఆవిరైపోయి ఉంటుంది. ట్యాపు మీద వేళ్ళు పెట్టి, అక్క మొహం వంక చూశాను. తిప్పకుండానే చెయ్యి తీసేశాను.

కిక్కు కొట్టాను. మళ్ళీ కొట్టాను. చొక్కా తడిసేదాకా కొట్టాను. బండి ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. ఇనుప సామాన్లతను నవ్వి తుక్కు రేటు చెప్పాడు. అక్క ఇప్పుడు అమ్మేది లేదని చెప్పి అతన్ని పంపించేసింది.

అతను పోయాక గడపలోనే కూర్చుంది. "తమ్మీ, ఇన్నేండ్ల సంది ఒక్కటే ఫికరు" అంది. "ఆనాడు ఆయన మాట ఇని ఎక్కితే, అవ్వను చూసేదాన్నేమో అని. రాత్రిళ్ళు అదే యాదికొస్తది. ఎక్కినా నడిమిట్ల ఆగేదే గదరా?"

"ఆగేదే అక్కా" అన్నాను.

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, లేచి వచ్చి, కొంగుతో జంఖానా సీటు మీద దుమ్ము దులిపింది. "ఉంచమంటవా, అమ్మమంటవా?" అని అడిగింది. తనది కాని ఆ ప్రశ్న తన నోట వచ్చిందని ఆమెకు తెలిసినట్టు లేదు.

"ఉంచు" అన్నాను. ఈసారి వెంటనే చెప్పాను.

"కిక్కులు కొట్టి కొట్టి ఆగమైనవు" అని అక్క లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. బండి పక్కన నిలబడి దోసిలి పట్టాను. ఆమె పోసింది. నేను మింగేదాకా నా వంకే చూస్తూ నిలబడింది.